సాగనంపడం తెలియని సర్వర్

పూజ అయ్యాక దేవుడికి ఉద్వాసన చెప్పకపోతే ఆ దేవుడు ఏమవుతాడు? మనం పంపేదాకా పీట మీదే కూర్చుంటాడా, లేక విసుగొచ్చి తనే లేచిపోతాడా? అనురాధకు ఈ అనుమానం చిన్నప్పటినుంచీ ఉంది. పెళ్లయినా, సగం జుట్టు నెరిసినా తీరలేదు. అడగడానికి పంతుళ్లు లేక కాదు. అడిగితే వాళ్లమ్మ చేసే పూజలో తప్పు పట్టినట్టవుతుందని ఊరుకుంది.

ఎందుకంటే ఆమె తల్లి గంగవ్వ ఏ పూజకూ ఉద్వాసన చెప్పదు. సిరిసిల్ల దిక్కునుంచి కొత్త కోడలిగా సూరత్‌కు వచ్చిన రోజునుంచీ అదే పద్ధతి. మంటపం కడుతుంది, కలశం పెడుతుంది, అమ్మవారిని నోరారా పిలుస్తుంది. మర్నాడు కలశాన్ని కదిపి సాగనంపే వేళకు మాత్రం వంటింట్లో దూరి ఏదో పని కల్పించుకుంటుంది.

"ఇంటికొచ్చిన సుట్టాన్ని లేచి పొమ్మని ఎవలన్న అంటరా బిడ్డా? ఉన్నన్ని దినాలుంటది. పోబుద్ధయితే పోతది," అనేది.

కలశం మీది మామిడాకులు నల్లబడి, కొబ్బరికాయ లోపల నీళ్లు ఇంకిపోయాక, ఇల్లు కడిగే రోజున ఎప్పుడో మాట్లాడకుండా తీసి పక్కన పెట్టేది. అంతే.

గంగవ్వ ఇప్పుడు అదే ఊళ్లో కూతురి దగ్గరే ఉంటోంది, లింబాయత్‌లో. అల్లుడు పరుశురాం ఊరి చివరనున్న సచిన్‌లో కాంతిభాయి అనే శేఠ్ ఖాతాలో మాస్టర్. ఖాతా అంటే అక్కడ సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిచే షెడ్డు. సాంచె చెడితే బాగుచేయడం, నేసేవాళ్ల మంచిచెడ్డలు చూడడం అతని పని. అనురాధ పాలిటెక్నిక్ చదివి, సలాబత్‌పురాలో ఒక చీరల దుకాణం పైనున్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరింది. ఆ ఆఫీసు యజమాని వరప్రసాద్ బేరాలు తెస్తాడు. కోడ్ రాసేది అనురాధ, ఆమె కింద హారతి అనే అమ్మాయి.

కాంతిభాయి ఖాతాలో ప్రతి సాంచె పక్కన ఒక చిన్న డబ్బా బిగించి ఉంటుంది. సాంచె ఎన్ని మీటర్లు నేసింది, దారం తెగి ఎంతసేపు ఆగింది, ఇవన్నీ ఆ డబ్బా చెబుతుంది. ఆ సంగతులు మాస్టర్ గదిలో తెర మీదా, శేఠ్ ఫోన్‌లోనూ కనబడాలి. ఈ రెంటికీ నడుమ నిలబడి ఇక్కడి మాట అక్కడికి అందించే ప్రోగ్రాం అనురాధ రాసింది. దాన్ని మిడిల్‌వేర్ అంటారు. పెళ్లిలో అటువాళ్లకూ ఇటువాళ్లకూ మధ్య తిరిగే పెద్దమనిషి లాంటిదని తల్లికి చెప్పింది.

"అయితే రెండు దిక్కుల తిట్లు దానికే," అంది గంగవ్వ.

తిట్లు నిజంగానే పడుతున్నాయి. ఆ పెద్దమనిషికి ఒక జబ్బు. రీస్టార్ట్ చేసిన కొత్తలో చురుగ్గా ఉంటాడు. రోజు గడిచేకొద్దీ బరువెక్కుతాడు. ఆ పైన పిలిస్తే పలకడు. కంప్యూటర్ దగ్గర తీసుకున్న జాగాను పని అయ్యాక తిరిగి ఇవ్వకపోవడం వల్ల వచ్చే రోగం అది. మెమరీ లీక్ అంటారు. పేరులో కారడం ఉంది గానీ అక్కడ ఏదీ కారిపోదు. పట్టుకున్నదాన్ని వదలకపోవడమే ఆ రోగం.

దానికి ఇన్నాళ్లూ ఒకటే వైద్యం. రోజూ మధ్యాహ్నం సద్దిడబ్బా కడుక్కుని వచ్చి అనురాధ ఆ ప్రోగ్రాం నడిచే సర్వర్‌ను రీస్టార్ట్ చేసేది. కాసేపు తెర నల్లబడేది. సచిన్‌లో మాస్టర్లు విసుక్కునేవాళ్లు. తర్వాత మళ్లీ అంతా మామూలే. కారణం వెతుకుతానని ఆమె అన్నప్పుడల్లా వరప్రసాద్, "నడుస్తోంది కదమ్మా, ఎందుకు కెలకడం?" అనేవాడు. ఆమె సెలవు పెట్టినా, జ్వరం వచ్చినా, మధ్యాహ్నం వేళకు ఆ మీట నొక్కేవాళ్లు ఒకరు ఉండాల్సిందే.

శ్రావణం వచ్చాక ఒక సాయంత్రం పరుశురాం ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండానే గడపలో నిలబడ్డాడు.

"ఏమైందయ్య? అట్ల నిలబడ్డవు?" అంది అనురాధ.

"శేఠ్ జోల్వా దిక్కు కొత్త ఖాతా తెరుస్తున్నడు. ఇక్కడున్నదానికి డబుల్ సాంచెలు."

"మంచిదే గద."

"ఏం మంచిది? 'పరుశురాంభాయి, అనురాధబెన్ సిస్టం రోజుకోపారి నిద్రపోతది. జోల్వాల సుత నిద్రపోతె నాకెట్ల నడుస్తది?' అన్నడు. నూలుపున్నం దాక చూస్తడట. ఆనాటికి బరాబర్ గాకపోతె డబ్బాలన్నీ పీకించి వేరే కంపెనీవాళ్లను పిలుస్తడట."

నూలుపున్నం అంటే శ్రావణ పౌర్ణమి, ఇంకా ఎన్నో రోజులు లేదు. ఆ డబ్బాలు పెట్టమని శేఠ్‌ను ఒప్పించింది పరుశురామే. అందరి ముందూ నిలబడి, "మా ఇంటామె రాసింది, ఢోకా లేదు" అన్నాడు. ఇప్పుడు డబ్బాలు పీకితే ఆమె పనితో పాటు ఆయన మాట కూడా పోతుంది.

"ఢోకా లేదని ఎందుకన్నవ్? జర ఆలోచించి అనొద్దా?" అంది చివరికి.

"పెండ్లాం మీద నమ్మకం పెట్టుకునుడు గూడ తప్పేనా?" అంటూ ఆయన చెప్పులు విప్పాడు.

లోపలినుంచి గంగవ్వ, "తప్పే అల్లుడా, కానీ పెట్టుకోవాలె," అంది. ముగ్గురూ నవ్వారు.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో హారతి అలవాటు ప్రకారం చెయ్యి చాచింది. "అక్కా, రీస్టార్ట్ కర్‌దూ?"

హారతి సూరత్‌లోనే పుట్టి పెరిగింది. మూడు భాషలూ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడుతుంది. పోయినేడే పెళ్లయింది.

"వద్దు. పోనియ్యి, ఎక్కడిదాక పోతదో చూద్దాం."

"పడిపోతది అక్కా."

"పడనియ్యి. రోజూ పడకముందే లేపుతున్నం. అసలెట్ల పడుతదో ఒక్కనాడన్న చూసినమా?"

"బావ ఫోన్ చేసి తిడితే?"

"ఫోన్ నీకిస్త."

"అరె వా!" అంది హారతి.

పరుశురాంకు ముందే చెప్పి ఉంచింది కనుక ఆయన ఓర్చుకున్నాడు. సర్వర్ ఎంత మెమరీ పట్టుకుందో చూపే గీతను ఇద్దరూ తెర మీద పెట్టుకుని కూర్చున్నారు. ఆ గీత కొండలా మెల్లగా ఎక్కుతుందని ఇన్నాళ్లూ అనురాధ అనుకుంది. అలా లేదు. చాలాసేపు చదునుగా సాగి, సాయంత్రం ఒక్కసారి మెట్టెక్కింది. రాత్రంతా మళ్లీ చదునే. తెల్లవారి ఇంకో మెట్టు. రోజూ మధ్యలో చెరిపేస్తూ వచ్చారు కాబట్టి ఆ మెట్లు ఎన్నడూ కంటబడలేదు.

"రెండుసార్లూ ఏడు గంటలకే అక్కా. షిఫ్ట్ మారే టైం," అంది హారతి.

మనుషులు మారితే సర్వర్‌కు ఏమిటి? సాంచెలు అవే, డబ్బాలు అవే. అనురాధకు అంతు చిక్కలేదు. ఎటూ తోచక గురువారం పొద్దున్నే పరుశురాం బండి ఎక్కి సచిన్ పోయింది.

ఖాతాలో చెవులు పగిలే చప్పుడు. రాత్రి షిఫ్టువాళ్లు కళ్లు నులుముకుంటూ బయటికి వస్తుంటే పగటివాళ్లు లోపలికి పోతున్నారు. లస్మయ్య అనే పెద్దాయన తన సాంచెల దగ్గరికి వచ్చాడు. మొదటిదాని స్విచ్ బంద్ చేశాడు. ఇనుప చట్రాన్ని చేత్తో తాకి కళ్లకద్దుకున్నాడు. మళ్లీ చాలూ చేశాడు. రెండోదానికీ అంతే. మూడోదానికీ అంతే. పక్క వరసలో ఒడిశా కుర్రవాడు జగన్నాథుణ్ణి తలచుకుంటూ అదే పని చేశాడు.

"అందరూ ఇట్లనే చేస్తరా?" అని పరుశురాం చెవిలో అరిచింది.

"నడుస్తున్న సాంచెను వేరేవాని చేతిలనుంచి అందుకోవద్దు. బంద్ చేసి, మొక్కి, మన చేత్తోటి మనం చాలూ చేసుకోవాలె. మా నాయిన కాలంనుంచి అదే," అని ఆయన కూడా అరిచాడు.

ఆ దృశ్యం అనురాధకు ఎంతో నచ్చింది. తను కూడా దగ్గరున్న సాంచెకు దండం పెట్టుకుంది. పెట్టుకుని, ఏమీ తెలుసుకోకుండానే తిరిగి వచ్చింది. భక్తి ఒక్కోసారి కళ్లెదుట ఉన్నదాన్ని కూడా దాచేస్తుందేమో.

శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. గంగవ్వ పొద్దున్నే కలశం పెట్టి, దానికి పట్టుగుడ్డ చుట్టి, ముఖం అమర్చి, అమ్మవారిని రమ్మని పిలిచింది. అనురాధ దండం పెట్టింది గానీ మనసు మెట్ల గీత మీదే ఉంది. 'తల్లీ, ఆయన మాట పోకుండా చూడు' అని మాత్రం అడగగలిగింది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ మొర అమ్మవారికి అర్థమవుతుందా అన్న సందేహం రాకపోలేదు. అర్థం కాకపోతే అమ్మవారెట్లా అవుతుందిలే అని సర్దుకుంది.

సాయంత్రం ముత్తయిదువలు వాయినానికి వచ్చారు. హారతి కూడా వచ్చింది. అనురాధ ఆమె ముందు కూర్చుని కాళ్లకు పసుపు రాస్తుంటే హారతి కలశాన్ని చూసి మెచ్చుకుంది.

"పెద్దమ్మా, అమ్మవారు మస్తుగున్నది. రేపు తీసేస్తరా?"

"నేనెందుకు తీస్త? నేను పొమ్మన."

"మరి పోయినేటి లక్ష్మి?"

"ఆమెను సుత పొమ్మనలేదు. ఈడనే ఉన్నది."

"పోయినేటి లక్ష్మి ఈడనే ఉంటే, పొద్దుగాల పిలిచింది ఎవర్ని?"

గంగవ్వ కలశం వంక ఒకసారి చూసుకుంది. "లక్ష్మినే."

"అంటే ఇద్దరు! మీ పెండ్లినాటి సంది లెక్కేస్తే ఇల్లంత లక్ష్ములే గద పెద్దమ్మా. ఒక్కొక్క లక్ష్మికి ఒక్కొక్క పీట. ఈ రెండు అర్రల ఇంట్ల మీరెక్కడ పండుకుంటున్నరు?"

ఆడవాళ్లందరూ పడీపడీ నవ్వారు. గంగవ్వ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అనురాధ మాత్రం నవ్వలేదు. పసుపు చెయ్యి హారతి పాదం మీదే ఆగిపోయింది.

"హారతీ, సాంచె బంద్ చేసి చాలూ చేస్తె డబ్బా ఏమంటది?"

"అక్కా, వాయినం టైంల ఆఫీసు పనా?"

"చెప్పు ముందు."

"కరెంటు రాంగనే 'నేనొచ్చిన' అంటది. సర్వర్ దానికి మెమరీల కొత్త పీటేసి కూసోబెడతది."

"పాత పీట?"

"పోయేటప్పుడు డబ్బా 'పోతున్న' అని చెప్తె తీసేస్తది."

"స్విచ్ బంద్ చేసినంక దానికి నోరెక్కడిది చెప్పనీకి?"

హారతి కళ్లు పెద్దవయ్యాయి. ఒక కాలికి పసుపు, ఒక కాలికి లేదు. అలాగే లేచి నిలబడింది. "దివసకు రెండుసార్లు… అందరు సాంచెకు మొక్కుతరు!"

"కూసో. రెండో కాలు గానియ్యి," అంది గంగవ్వ. "ఒంటికాలి పసుపు మంచిది గాదు."

ఆఫీసులో పరీక్ష చేసేటప్పుడు ఎవరూ సాంచెకు మొక్కలేదు. అందుకే ఆ తప్పు అక్కడ ఎన్నడూ బయటపడలేదు. పోయినవాళ్ల పీట తీయకపోవడానికీ ఒక కారణముంది. డబ్బాలు పెట్టిన కొత్తలో ఒకసారి కరెంటు పోయి లస్మయ్య నేసిన మీటర్లు లెక్కలోంచి మాయమయ్యాయి. ముసలాయన ఎవరినీ ఏమీ అనలేదు, ఊరికే తెర వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ ముఖం చూడలేక అనురాధ ఆనాడే కోడ్ మార్చింది. చెప్పకుండా పోయినవాళ్ల పీట ఎన్నటికీ తీయొద్దు. ఎప్పుడో వస్తారు, వాళ్ల లెక్క వాళ్లకు ఉండాలి. డబ్బా కొత్తగా వచ్చినప్పుడల్లా కొత్త నంబరు చెబుతుందనీ, పాత పీట దాకా అది ఎన్నడూ రాదనీ ఆమెకు తట్టలేదు. వాళ్లమ్మ కలశాన్ని కదపనట్టే తనూ పీటలు కదపలేదు. చదివిన చదువు వేరైనా చెయ్యి మాత్రం తల్లిదే.

శనివారం ఇద్దరూ ఆఫీసులో కూర్చుని సరిచేయడం మొదలుపెట్టారు. ముందు ప్రతి సాంచె లెక్కనూ దాని సొంత పేరు మీద డిస్క్‌లో రాసి భద్రం చేయాలి. డబ్బా కొంతసేపు పలకకపోతే దాని పీట తీసేయాలి. మళ్లీ వస్తే పేరు అడిగి, దాని లెక్క దానికి ఇచ్చి, కొత్త పీట వేయాలి. హారతి దొంగ సాంచెలను సృష్టించే చిన్న ప్రోగ్రాం రాసింది. ఖాతాలో నెలంతా జరిగే మొక్కులు అవి ఒక్క పూటలో మొక్కుతాయి.

గీత ఇంకా ఎక్కుతూనే ఉంది. మునుపటికంటే నెమ్మదిగా, కానీ ఎక్కుతోంది.

అనురాధకు నీరసం వచ్చింది. "ఇదిగాదా ఏంది మరి?"

"ఇదే అక్కా. ఇంకోటి సుత ఉన్నది," అంటూ హారతి తెర మీదికి వంగింది. సర్వర్ మెమరీలో ఎవరిని ఎవరు పట్టుకున్నారో ఒక్కొక్కటే తిరగేసి చివరికి చూపించింది. "చూడు. పీటలు తీసినం. కానీ ఏదన్న వార్త ఉంటే ఎవలెవలికి చెప్పాలె అని ఇంకో వరస ఉన్నది గద, దాంట్ల పాతోళ్ల పేర్లు అట్లనే ఉన్నయి. ఒక్కచోట పేరున్నా కంప్యూటర్ దృష్టిల మనిషి పోనట్టే. జాగా ఇయ్యదు."

"నా కంటికి ఆనలేదు చూడు."

"నువ్వు రాసినవు గద, నీకు ముద్దుగనే కనవడతది."

అక్కడా పేర్లు తీశారు. దొంగ సాంచెలు మళ్లీ మొక్కాయి. గీత లేచింది, కాసేపు అక్కడే ఊగింది, తర్వాత మెల్లగా దిగివచ్చింది. పొట్ట నిండా ఊపిరి తీసుకుని వదిలినట్టుంది.

ఆ సాయంత్రం అనురాధ ఇంటికి వచ్చేసరికి గంగవ్వ కలశం ముందు దీపంలో నూనె పోస్తోంది.

"అమ్మా, ఈసారి ఉద్వాసన చెపుదామా?"

గంగవ్వ నూనె గిన్నె కింద పెట్టింది. "నీకేమన్న అడ్డమొస్తున్నదా అమ్మవారు?"

"అడ్డమెందుకే? ఏం చెప్పి పంపుతరో ఒక్కపారి విను, అంతే." అనురాధ వ్రతం పుస్తకం చివరి పేజీ తీసింది. "యథాస్థానం ప్రవేశయామి, పునరాగమనాయ చ. నీ చోటికి నువ్వు పో తల్లీ, మళ్ల వచ్చేతందుకే పో, అని."

"మళ్ల వచ్చేతందుకా?"

"ఆఁ. గదే రాసున్నది."

"పొమ్మనుడు గాదా?"

"పోయి రమ్మనుడు."

గంగవ్వ కలశం వైపు తిరిగింది. "మా అత్త 'ఉద్వాసన' అనేది గని గిది చెప్పలే. పనిలనుంచి తీసేస్తె గదే మాట అంటరు గద, నేను గట్లనే అనుకున్న," అంది. తర్వాత రెండు చేతులతో కలశాన్ని పట్టుకుని ఉత్తరం వైపు కొంచెం జరిపింది. "పోయిరా తల్లీ. తొవ్వల పైలం."

దేవుడు నిజంగా ఎక్కడికి పోతాడో, అన్నిచోట్లా ఉన్నవాడు పోవడమేమిటో అనురాధకు ఇప్పటికీ తెలియదు. తల్లి ముఖంలో దిగులు లేకపోవడం మాత్రం చూసింది.

కొత్త కోడ్‌ను సర్వర్ మీద పెట్టారు. షిఫ్టులు మారుతున్నాయి, గీత లేచి దిగుతోంది. అయినా కాంతిభాయి తొందరపడే మనిషి కాదు. "పున్నం నాడు చూస్త," అన్నాడు పరుశురాంతో. అందులో న్యాయం ఉంది. నూలుపున్నమికి నేతవాళ్లు కొలిచే మార్కండేయుడి ఊరేగింపు బయల్దేరుతుంది. తెలుగువాళ్లు పని మధ్యలో లేచి పోతారు. ఒడిశావాళ్లు వాళ్ల సాంచెలు అందుకుంటారు. మళ్లీ వీళ్లు వచ్చి తీసుకుంటారు. రోజంతా బంద్, మొక్కు, చాలూ. ఏటా సర్వర్ బరువెక్కి అన్నిటికంటే ఎక్కువసార్లు రీస్టార్ట్ చేయాల్సి వచ్చేది ఆ రోజే. ఆ రోజు ఎవరో ఒకరు ఆఫీసులో కూర్చోక తప్పదు.

ఇన్నేళ్లూ ఆ కూర్చున్నది హారతి. గంగవ్వను పట్టుకుని నడిపించాలి కనుక అనురాధ ఊరేగింపుకు పోయేది. హారతి ఉద్యోగంలో చేరాక ఒక్క పున్నమికీ వీధిలోకి దిగలేదు. డప్పుల చప్పుడు కిటికీలోంచి వినేది. "నాకు ఒక పున్నం బాకీ ఉన్నవక్కా," అని నవ్వుతూ అనేది. అనురాధా నవ్వేది. ఏడు తిరిగేసరికి మళ్లీ అదే జరిగేది.

పున్నమి ముందురోజు హారతి తనంతట తానే, "రేపు నేను కూసుంట తియ్యి," అంది.

"నువ్వు పట్టుచీర కట్టుకొని ఇంటికి రా. మా అమ్మను పట్టుకొని నడువు. జాగ్రత్త, ఆమె నడువది, ఉరుకుతది."

"పడిపోతే ఎట్లక్కా? శేఠ్ చూస్తనన్నడు."

"పడితే నేను లేపుత. నీ పున్నం నీకు."

పున్నమి నాడు అనురాధ, ఆ రోజు మగవాళ్లు మార్చుకునే కొత్త జంధ్యపు పోగొకటి తెర పక్కన పెట్టి, దండం పెట్టుకుని కూర్చుంది. పగలంతా గీత లేచింది, దిగింది. లేచినప్పుడల్లా ఆమె చెయ్యి అలవాటుగా మీట దగ్గరికి పోయి, పని లేక తిరిగివచ్చింది. మధ్యాహ్నం సద్ది నిదానంగా తింది. ఊరేగింపు వీధి చివరికి వచ్చినప్పుడు డప్పులు వినిపించాయి. కిటికీ దగ్గరికి పోయి నిలబడింది, గుంపులో ఎవరూ గుర్తుపట్టేంత దగ్గరగా లేరు.

పొద్దుగూకే వేళకు పరుశురాం ఫోన్ చేశాడు. "ఇయ్యాల ఒక్కపారి సుత తెర నల్లగ గాలే. శేఠ్ జోల్వాకు సుత డబ్బాలు బిగియ్యమన్నడు. నేను చెప్పలేదా, ఢోకా లేదని?"

"చెప్పినవు, చెప్పినవు," అంది అనురాధ.

ఫోన్ పెట్టాక మెట్ల మీద గాజుల చప్పుడు. హారతి లోపలికి వచ్చింది. చీర కుచ్చిళ్లకు బురద, నుదుట గులాలు, చెప్పులు చేతిలో. అరిచి అరిచి గొంతు పోయింది.

"పెద్దమ్మ నన్ను హారతి పళ్లెం పట్టుకోనిచ్చింది," అంది గీరగా. "తొవ్వంత నేనే పట్టుకున్న. ఎవ్వలకియ్యలే."

చెప్పులు మూలకు పెట్టి, కొంగు ముడిలోంచి ప్రసాదం తీసి అనురాధ చేతిలో పెట్టింది. తెర వైపు ఒకసారి చూసి, గీత తన దారిన తాను నడుస్తుండడం చూసి, కుర్చీలో కూలబడి కాళ్లు చాపింది.

"బాకీ తీరిందక్కా," అంది.